కాచిన పాలే కదా

ఈదులపద్ర, పాత్రపూర్ దగ్గర
14 ఏప్రిల్ 1993

ప్రియమైన ఆడపడుచు అమ్మడికి,

మీ వదిన దీవెనలు. కుశల ప్రశ్నలు చివర్లో అడుగుతాను, ముందు నా కోపం చదువు.

మొన్న ఆదివారం ఎర్రమ్మ తల్లి పండగ జరిగింది. నువ్వు సెలవు దొరకలేదని రాలేదు, బతికిపోయావు. బరంపురం వెళ్ళి మన ఊరి పద్ధతులు మర్చిపోయి ఉంటావు, చెబుతాను విను. ఇంటింటి నుంచీ తెల్లవారకుండా పిండిన తొలి పాలు గుడి ముందు పందిట్లో ఇత్తడి గంగాళంలో పోయాలి. గంగాళం మూతికి కొత్త గుడ్డ కట్టి వడగట్టాలి. ఘటం ఊరు తిరిగి వచ్చి అమ్మవారు ఆ పాలను చూసేదాకా వాటికి నిప్పు తగలకూడదు. ఆమె చూశాక గుడ్డ విప్పి శూలానికి కడతారు, పాలు పొయ్యి ఎక్కిస్తారు. పాయసం కలిపే గరిటె బుల్లమ్మక్క అత్తవారి హక్కు. మొగుడు పోయాక కూడా ఆ గరిటె ఆవిడే పడుతోంది. కొందరికి అది ఎప్పుడూ కంట్లో నలుసే.

ఈసారి ఘటం ముందు ఎవరెత్తాలని పైవీధికీ కిందివీధికీ గొడవ వచ్చింది. ఒకళ్ళని ఒకళ్ళు తిట్టుకుని, కండువాలు లాక్కుని, మళ్ళీ కౌగిలించుకుని, ఘటం తిరిగి వచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయింది. పాయసం మాత్రం అమృతంలా కుదిరింది. దీపాలు పెట్టే వేళకి చూడు, ఊరు ఊరంతా వాంతులు! ఒక్క గుమ్మం మిగల్లేదు. నేను, మీ అన్నయ్య ఒకే బాల్చీ కోసం కొట్టుకున్నాం. ఒక్కరికీ జ్వరం రాలేదు, మర్నాటికి అందరం లేచి కూర్చున్నాం గానీ, కూర్మమ్మత్త మనవడు, నాలుగేళ్ళ గుంటడు, కళ్ళు తేలేశాడు. మీ బరంపురం పెద్దాసుపత్రిలో సెలైన్లు ఎక్కించి పంపారు. నీకు కబురు పెట్టే తీరిక కూడా లేకపోయింది.

ఇక ఊరి మాట విను. "మొగుడు పోయిన సెయ్యి పాయసంలో పెడితే మరేటవుద్ది?" అని కూర్మమ్మత్త మొదలెట్టింది. సూరయ్య మామ ఊరి పెద్ద గదా, కాస్త బుద్ధిగా మాట్లాడతాడనుకున్నాను. "పెల్లిల్లయినాక పంచాయితీకి కూకుందాం. అందాకా బుల్లమ్మ గరిటి ముట్టకూడదు, బుల్లమ్మ పాలు ఎవురూ కొనకూడదు" అనేశాడు. ఆవిడకి ఉన్నది ఒక్క గేదె. ఆ పాలు కొనకపోతే ఆవిడ ఏం తింటుంది, గడ్డా?

నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆవు దగ్గరికి వెళ్ళాలంటే వణికేదాన్ని. నా చేతి మీద చెయ్యి వేసి పాలు పిండడం నేర్పింది బుల్లమ్మక్కే. ఆ చేతినా వీళ్ళు అనేది?

పాలల్లో ఏదైనా ఉంటే ఉండొచ్చు గానీ చేతిలో ఏముంటుంది? నువ్వు పాలూ రక్తాలూ పరీక్షించే లాబులో పని చేస్తున్నావు కాబట్టి, బుల్లమ్మక్క తప్పేమీ లేదని ఒక కాగితం రాయించి, ముద్ర వేయించి పంపు. సూరయ్య మామ మొహాన కొడతాను.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మన జెర్సీకి ఒక చన్ను గట్టిపడింది. డాక్టరు కోసం పాత్రపూర్ ఎవరు తిరుగుతారని నేనే సూది మందు తెప్పించి వేశాను, రెండు రోజుల్లో మెత్తబడింది. చూశావా, మీ వదిన సగం డాక్టరు! పండగకి అందరికంటే పెద్ద బిందె మనదే. మీ అన్నయ్య గోరుచుట్టు మాత్రం తగ్గి తగ్గి మళ్ళీ లేస్తోంది.

నువ్వెలా ఉన్నావు? అన్నం తింటున్నావా, లాబులో వాసనలే పీలుస్తున్నావా?

కోపంతో, ప్రేమతో,
నీ వదిన సత్యవతి

*

బరంపురం
19 ఏప్రిల్ 1993

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు ఎదురుగా నిలబడి చీపురు తిప్పుతున్నట్టే ఉంది. గుంటడు బతికాడు, అదే పదివేలు. బుల్లమ్మ వదిన సంగతి చదివి నాకూ ఒళ్ళు మండింది. కానీ కాగితం అంటే పెళ్ళి శుభలేఖా, అచ్చు వేయించి పంపడానికి? పరీక్షించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. పాయసం మిగలలేదు. మిగిలినా, కాచినదాంట్లో ఏముందో తేల్చే సాధనం మా దగ్గర లేదు.

మా ఆఫీసరు వైకుంఠరావు గారిని అడిగాను. "ఊరి తగాదాలకి ల్యాబు కాదమ్మా. పైనుంచి లెటర్ రావాల" అన్నారు. పైన ఎవరున్నారో ఆయనకే తెలీదు. ఆయన వెళ్ళిపోయాక నేనే చేస్తాను.

ఇప్పుడు నీకు నచ్చని మాట చెబుతాను, చీపురు కింద పెట్టి విను. కొద్ది గంటల్లో వాంతులు, జ్వరం లేకపోవడం, మర్నాటికి తేరుకోవడం చూస్తే నాకు ఒకే అనుమానం. పాలల్లో పెరిగే ఒక జాతి బాక్టీరియా ఉంది. పశువు పొదుగులో వాపు ఉన్నా, పిండే చేతికి పుండు ఉన్నా పాలల్లోకి వస్తుంది. పాలు ఎండలో నిలవున్నంతసేపూ అది పెరుగుతూ ఒక విషాన్ని వదులుతుంది. పాలు కాచితే బాక్టీరియా చస్తుంది. విషం మాత్రం చావదు. చారులో ఉప్పు ఎక్కువైందని ఇంకాసేపు మరిగిస్తే ఉప్పు పోతుందా? ఇదీ అంతే.

అంటే బుల్లమ్మ వదిన గరిటె పట్టేసరికే జరగాల్సింది జరిగిపోయింది. ఘటం కోసం కొట్టుకున్నవాళ్ళు ఆ పాలని మధ్యాహ్నం దాకా మగ్గబెట్టారు.

రుజువు కావాలంటే ఆ గంగాళంలో పచ్చి పాలు తగిలి, తర్వాత కడగని వస్తువు ఏదైనా ఉంటే పంపు. దానితోపాటు పండగకి పాలు పోసిన ప్రతి ఇంటి నుంచీ పచ్చి పాలు. సీసాలు ముందు నీళ్ళల్లో మరిగించు, చన్ను కడిగి తుడిచి, మొదటి ధారలు పారబోసి పట్టు. ఐసు ముక్కల్లో పెట్టి బస్సుకి వెయ్యి. మనింటి పాలూ పంపు. జెర్సీకి వేసిన సూది మందు ఏమిటి, ఎవరిచ్చారు, ఎన్నాళ్ళు వేశావు, అది కూడా రాయి.

అన్నయ్య వేలు డాక్టరుకి చూపించు. నువ్వు సగం డాక్టరువే, మిగతా సగానికి చూపించు.

నీ మీద కాదు గానీ లోకం మీద విసుగుతో,
అమ్మడు

*

ఈదులపద్ర
27 ఏప్రిల్ 1993

ప్రియమైన అమ్మడికి,

నీ ఉత్తరం రచ్చబండ దగ్గర చదివించాను. ఎందుకు చదివించానా అని ఇప్పుడు తల బాదుకుంటున్నాను. "కాసిన పాలల్లో ఇసమేటే?" అని ఒకటే నవ్వు. సూరయ్య మామ అయితే పొట్ట పట్టుకుని, "మీ ఆడబొట్టి సదువు ఎక్కువై బుర్ర పొంగిపోయినాది. మా తాత తాగినాడు, నాను తాగినాను, మరి మావేటి సచ్చిపోయినామా?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ నీ మాట మింగుడు పడలేదు. పొంగు వచ్చేదాకా కాచాక ఇంకా ఏం మిగులుతుంది? అయినా నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతున్నాను. పళ్ళు కొరుక్కుంటూ నమ్ముతున్నాను.

సీసాల కోసం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పరీక్షకని అడిగితే ఒక్కరూ ఇవ్వలేదు. "మా పాలకి పరీచ్చేటి? మా పాలేటి పదో తరగతి సదువుతున్నాయా?" అని కూర్మమ్మత్త తలుపు వేసుకుంది. సరే, దారి మార్చాను. బరంపురంలో ఒక డైరీవాళ్ళు మంచి ధరకి పాలు కొంటారట, వెన్న చూసి ఎంచుకుంటారట అని పుకారు వేశాను. మర్నాడు తెల్లారేసరికి మన గుమ్మం ముందు సీసాలు బారులు తీరాయి! ఎవరి పాలు వాళ్ళు పొగుడుకోవడమే. కూర్మమ్మత్త రెండు సీసాలు తెచ్చింది. ఒట్టు, అబద్ధం ఆడినందుకు నాకు ఇసుమంత బాధ కూడా లేదు.

వీళ్ళవే అడిగి మనది పంపకపోతే మాటొస్తుందని లెక్కకి మనదీ పెట్టాను. మన పాలల్లో ఏముంటుంది, చందనంలా ఉంటాయి.

ఇక అసలు సంగతి, ఎవరికీ చెప్పకు. పాలు వడగట్టిన గుడ్డ శూలానికే వేలాడుతోంది. దాన్ని మళ్ళీ పండగ దాకా ఎవరూ ముట్టకూడదు. తెల్లవారుజామున దీపం పెట్టే నెపంతో వెళ్ళి, అమ్మవారికి దణ్ణం పెట్టి, "తల్లీ, నీ పిల్లకోసమే" అని చెప్పి, ఒక మూల కత్తిరించాను. పాల మరకలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. మరిగించిన సీసాలో పెట్టి పంపుతున్నాను.

సూది మందు సంగతి అడిగావు. పాత్రపూర్‌లో మందుల షాపు శ్యామసుందర్ ఇస్తాడు. మనుషులకీ అదే, పశువులకీ అదే అంటాడు. రెండు సూదులు వేస్తే వాపు దిగుతుంది, ఆపేస్తాను. మిగిలింది దాచి మళ్ళీ వాచినప్పుడు వేస్తాను. ఏడాది నుంచీ అలాగే నెట్టుకొస్తున్నాను. తగ్గిపోయాక కూడా మందు పొయ్యడానికి అదేమైనా నీళ్ళా? మీ అన్నయ్య వేలికి కూడా అదే వేయించాం. ఇప్పుడు గుడ్డ చుట్టుకుని పాలు పిండుతున్నాడు.

త్వరగా కానివ్వు. బుల్లమ్మక్క రోజూ పాలు పిండుతుంది, ఎవరూ రారు, దూడకి వదిలేస్తుంది. దూడ ఒక్కటే ఊళ్ళో బాగుపడింది.

తొందరపెడుతూ,
వదిన

*

బరంపురం
4 మే 1993

ప్రియమైన వదినా,

నీ సీసాలు వచ్చాయి. ఎలా వచ్చాయో చెబితే నువ్వు బస్సు కింద పడుకుంటావు. కండక్టరు వాటిని తీసుకెళ్ళి ఇంజను బానెట్ మీద పెట్టాడు! ఐసు కరిగి, మూతలు ఎగిరి, సగం పాలు విరిగిపోయాయి. "దీదీ, దొహి హెలాణి" అని నవ్వుతూ చేతికిచ్చాడు. పెరుగైపోయిందట. వాడి నవ్వు చూసి ఏడుపొచ్చింది. నువ్వు అంత నాటకం ఆడి సంపాదించిన పాలు!

దానికి తోడు కరెంటు పోయింది. దానికి తోడు వైకుంఠరావు గారు మర్చిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చి, నా బల్ల మీద మన ఊరి సీసాలు చూశారు. "ఇది గవర్నమెంట్ సొమ్మా, మీ అత్తగారి సొమ్మా?" అన్నారు. నాకు అత్తగారే లేరని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఇంకోసారి చూస్తే ల్యాబు తాళంచెవి తీసేసుకుంటానన్నారు.

కానీ వదినా, ఆ గుడ్డ ముక్క! దాన్ని కత్తిరించిన నీ చేతికి బంగారు కడియం వెయ్యాలి. ఎండిన పాల మరకలో నేను చెప్పిన జాతి బతికే ఉంది. పళ్ళెంలో పెంచితే పసుపు బొట్ల లాగా చక్కగా లేచింది. గంగాళంలో అది ఉందన్న మాట ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఇంకొకటి కూడా చూశాను, అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఆ పళ్ళెంలో రకరకాల మందులు అద్దిన చిన్న కాగితం బిళ్ళలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బాక్టీరియా చచ్చి ఖాళీ వలయం వస్తుంది. దీనికి పెన్సిలిన్ బిళ్ళ పెట్టాను, వలయం లేదు. ఇంకొకటి పెట్టాను, లేదు. మామూలుగా వాడే మందుల్లో చాలావాటి మీద అది ఎక్కి కూర్చుని పెరిగింది. ఇంత మొండిది ఊళ్ళో అందరి పశువుల్లోనూ ఉండదు. ఎవరింట్లోనో దీన్ని పెంచారు. ఎవరి పాలల్లో ఇలాంటి మొండిదే దొరికితే, గంగాళంలోకి అక్కడినుంచే వచ్చినట్టు.

అందుకని మళ్ళీ పాలు కావాలి, అన్ని ఇళ్ళవీ. తిట్టుకో, నేను విననంత గట్టిగా తిట్టుకో, కానీ పంపు. ఈసారి ఐసు పెట్టె మనిషి చేతికిచ్చి పంపు. మనింటి పాలు మర్చిపోకు. ముఖ్యంగా వాచిన చన్నువి విడిగా పట్టు.

అలసిపోయిన,
అమ్మడు

*

ఈదులపద్ర
12 మే 1993

ప్రియమైన అమ్మడికి,

ఈ ఉత్తరం, ఐసు పెట్టె, మీ అన్నయ్య, మూడూ ఒకే బస్సులో వస్తున్నాయి. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చోమని, దిగేదాకా కునుకు తీయొద్దని ఒట్టు వేయించుకున్నాను. డైరీవాళ్ళకి మీ పాలు నచ్చాయట, ఇంకోసారి చూస్తారట అని చెప్పి రెండోసారి పట్టించాను. ఈ డైరీ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నారు. నిజంగా ఒకటి పెట్టిస్తే తప్ప నేను ఊళ్ళో తిరగలేను.

అమ్మడూ, నా ఓపిక అయిపోయింది. ఈ నెల 23, ఆదివారం నాడు పంచాయితీ. బుల్లమ్మక్క గేదెని అమ్మేసి హుమ్మలో ఉప్పు మళ్ళ పనికి పోతానంటోంది. అక్కడ ఎవరో దూరపు చుట్టం ఉన్నాడట. "ఈ వొయిసులో ఉప్పు మోత్తావా అక్కా?" అంటే, "ఉప్పు మోస్తే బుజాలు మండుతాయి. ఇక్కడ కూకుంటే కడుపు మండతంది. ఏదైతేనేటి?" అంది.

ఆ ఉక్రోషంతో నిన్న కుళాయి దగ్గర అందరి ముందూ ఒక మాట అనేశాను. "మా అమ్మడు ఎవరింటి పాలో పట్టేస్తంది. ఎవులిదైతే ఆల్లు అమ్మోరి ముందు నిలబడి ఒప్పుకోవాల. ఏడాది పొడుగునా ఆ ఇంటి పాలు ఊల్లో ఎవురూ ముట్టకూడదు. బుల్లమ్మక్కకి సేసినట్టే!" అన్నాను. కూర్మమ్మత్త ఊరుకుంటుందా? "అలగే గానీ. ఎర్రమ్మ మీద ఒట్టెయ్యి" అంది. బిందె కింద పెట్టి ఒట్టు వేశాను. నా అనుమానమంతా ఆవిడ గొడ్డు మీదే. దానికి ఎప్పుడూ ఏదో పుండు.

కాబట్టి పేరు కావాలి. పేరు రాసి, ముద్ర కొట్టి పంపు. పంచాయితీలో ఎవరి మొహం మాడుతుందో చూడాలని ఉంది.

ఎదురుచూస్తూ,
వదిన

*

బరంపురం
17 మే 1993

ప్రియమైన వదినా,

ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించకు. తలుపు వేసుకుని నువ్వే చదువు.

ముద్ర లేదు. కాగితం రాదు. వైకుంఠరావు గారి కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ. "దొంగతనంగా చేసిన టెస్టుకి నేను సంతకం పెట్టాలా? నా ఉద్యోగం నీకు బరువైందా?" అన్నారు. తాళంచెవి తీసేసుకున్నారు. నా చేతిలో ఇప్పుడు నా మాట తప్ప ఏమీ లేదు. ఆ మాట వింటే మీ సూరయ్య మామ పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

తాళంచెవి పోయేలోగా పరీక్ష మాత్రం పూర్తి చేశాను. బుల్లమ్మ వదిన గేదె పాలల్లో ఆ జాతి లేనే లేదు. కూర్మమ్మత్త ఆవు పాలల్లో ఉంది గానీ, అది మొండిది కాదు, పెన్సిలిన్‌కే చచ్చిపోయింది. ఇంకో రెండిళ్ళవీ అంతే. గుడ్డలో దొరికిన మొండిది ఒక్క ఇంటి పాలల్లోనే ఉంది. ఏ మందుకి లొంగలేదో, ఏ మందుకి కాస్త తగ్గిందో, అన్నీ సరిపోయాయి.

వదినా, అది మనది. జెర్సీ, వాచి తగ్గిన ఆ చన్ను.

నమ్మలేక రెండోసారి చేశాను. అప్పటికీ నమ్మలేక, ఐసు పెట్టె పట్టుకుని వచ్చిన రోజున అన్నయ్య వేలి గుడ్డ విప్పించి తీసిన చీముని పెంచిన పళ్ళెం కూడా చూశాను. అక్కడా అదే. వేలినుంచి చన్నుకి వెళ్ళిందో, చన్నునుంచి వేలికి వచ్చిందో నేను చెప్పలేను. సగం మందు వేసి ఆపినప్పుడల్లా బలహీనమైనవి చచ్చాయి, మొండివి మిగిలాయి. మిగిలినవే మళ్ళీ పెరిగాయి. నీ ఒక్కదాని తప్పని అనను. ఆ శ్యామసుందర్‌ని రోడ్డు మీద నిలబెట్టి అడగాలని ఉంది నాకు. డాక్టరు రాని ఊళ్ళో నువ్వు మాత్రం ఏం చేస్తావు? కానీ పాలు చూడ్డానికి చందనంలా ఉన్నా, లోపల ఉన్నది ఇదీ.

అన్నయ్యని ఇక్కడ డాక్టరుకి చూపించాను. వేలు కోసి చీము తీసి, పనిచేసే మందే రాశారు. రాసినన్నాళ్ళూ వాడాలి, నొప్పి తగ్గిందని ఆపితే నేనే వచ్చి కొడతానని చెప్పు. ఆ చెయ్యి మానేదాకా పాలు పిండకూడదు. జెర్సీకి మాత్రం నువ్వు ఇంకో సూది వేయకు.

బుల్లమ్మ వదిన తప్పు లేదని చెప్పడానికి ఇప్పుడు నీ నోరు ఒక్కటే ఉంది. నువ్వు వేసిన ఒట్టు గుర్తుంది. చెప్పమని నేను అడగలేను. చెప్పకపోతే నిన్ను తప్పు పట్టను, ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టెయ్. కానీ హుమ్మ వెళ్ళే బస్సు ఆవిడ ఎక్కితే మాత్రం నాకు అన్నం సయించదు.

నీ,
అమ్మడు

*

ఈదులపద్ర
29 మే 1993

ప్రియమైన అమ్మడికి,

నీ ఉత్తరం చదివి మొదట నిన్ను తిట్టాను. తర్వాత జెర్సీని తిట్టాను. అది మేత నములుతూ నా మొహం చూసింది. తర్వాత పెరట్లో కూర్చుని ఏడ్చాను. మీ అన్నయ్య కట్టు కట్టిన చేత్తో నా వీపు రాస్తూ, "ఎవులికీ సెప్పకపోతే ఏటవుద్ది?" అన్నాడు. "ఏటీ అవదు. బుల్లమ్మక్క ఉప్పు మోస్తది" అన్నాను.

ఆదివారం పంచాయితీలో నిలబడి చెప్పాను. మా జెర్సీ పాలే, మా సూది మందే, నా ఒట్టు నాకే తగిలింది, బుల్లమ్మక్కకి ఏ సంబంధం లేదు అని అమ్మవారి వైపు తిరిగి చెప్పాను. ఊరంతా నిశ్శబ్దం అవుతుందనుకున్నాను.

నవ్వారు! సూరయ్య మామ జాలిగా చూసి, "నీ మంచితనం మాకెరికేనమ్మా. బుల్లమ్మ కోసం నీ ఇంటికి నువ్వే మసి పూసుకుంతన్నావు. కాసిన పాలల్లో ఇసమేటి? కూకో" అన్నాడు. కూర్మమ్మత్త "సొంత పాలని ఎవులన్నా ఇలగ అంతారా? బుల్లమ్మే సెప్పించింది" అంది. అబద్ధాలు చెప్పి పాలడిగితే సీసాలు బారులు తీర్చిన జనం, నిజం చెబితే నమ్మరు. ఆ నిమిషంలో నాకు వచ్చిన కోపం పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

"అయితే రేపు ఇదే పందిట్లోకి రండి" అన్నాను.

సోమవారం తెల్లవారకుండా జెర్సీ పాలు పిండాను, ఆ చన్నువే. వాటిని ఇత్తడి బిందెలో పోసి, పండగనాడు పెట్టినచోటే, పండగనాటి ఎండలోనే పెట్టాను. భోజనాల వేళ దాటాక అందరినీ పిలిచాను. అందరూ చూస్తుండగా పొయ్యి ముట్టించి కాచాను. పొంగు వచ్చింది, దించలేదు, మరోసారి పొంగింది. ఘుమఘుమలాడుతున్న పాలని చల్లార్చి గ్లాసులో పోసి సూరయ్య మామ ముందు పెట్టాను.

"మామా, కాసిన పాలే గదా, తాగు."

ఆయన గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు. "నాకు ఏల కాని ఏల పాలు పడవే" అన్నాడు. పక్కవాడికి ఇచ్చాను, వాడు కండువా సర్దుకున్నాడు. గ్లాసు వరసంతా తిరిగింది, ఒక్క చెయ్యీ చాచలేదు. చివరికి కూర్మమ్మత్త దగ్గరికి వెళ్ళాను. గుంటడు ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకుని ఉన్నాడు.

"అత్తా, ఇసం లేదన్నావు గదా. కాసిన పాలే. మీ గుంటడికి పట్టు."

ఆవిడ మనవణ్ణి చటుక్కున వెనక్కి లాక్కుంది. లాక్కున్నాక తను ఏం చేసిందో ఆవిడకే తెలిసింది. నా వంక చూడలేక తల దించుకుంది.

పిల్లాడికి పట్టనిస్తానా అమ్మడూ? ఎవరి చెయ్యి కదిలినా గ్లాసు లాగేద్దామని సిద్ధంగానే ఉన్నాను. కానీ నాకంటే ముందు బుల్లమ్మక్క లేచి వచ్చింది. నా చేతిలో గ్లాసు తీసుకుని గోతిలో పారబోసి, బిందెలో మిగిలిన పాలూ దాంట్లోనే వంపేసి, "ఇంక సాలు. ఆ పిల్లని ఒగ్గీండి" అంది. ఆ పిల్లని అంటే నన్ను. అప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు.

సూరయ్య మామ ఖాళీ బిందె వంక చూసి, "గరిటి బుల్లమ్మదే. ఆయమ్మ పాలు రేపట్నుంచి ఎవుల వాడిక ఆల్లు తీసుకోండి" అన్నాడు. విషం ఉందని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పోనీ, గ్లాసు మాత్రం ముట్టలేదు కదా. బుల్లమ్మక్క ఊరికే ఒప్పుకోలేదు. "నాను గరిటి పట్టాలంతే తెల్లారగట్లే పాలు పొయ్యెక్కాల. అమ్మోరు కాసిన పాలే సూస్తది. ఆయమ్మా పిల్లల తల్లే" అంది. పైవీధి, కిందివీధి మొదటిసారి ఒకే మాట మీద తల ఊపాయి.

నా ఒట్టు మాత్రం నాకే మిగిలింది. ఏడాదిపాటు మన పాలు ఊళ్ళో ఎవరికీ పొయ్యను. అమ్మవారు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. జెర్సీని చూడ్డానికి పాత్రపూర్ నుంచి పశువుల డాక్టరుని తీసుకొచ్చాను, గతుకుల్లో ఆయన స్కూటరు కుదిపినప్పుడల్లా దారి పొడుగునా నేనే తిట్లు తిన్నాను. ఆ చన్ను ఇక పనికిరాదేమో అన్నాడు. మందు ఆయన చెప్పినన్నాళ్ళూ వేస్తాను. మీ అన్నయ్య వేలు వాపు దిగింది. మందు ఆపేస్తానన్నాడు, నీ పేరు చెప్పాను, మింగాడు.

ఆ వైకుంఠరావు గారికి మన ఊరి పాలు ఒక గ్లాసు కాచి పంపనా?

ఇప్పుడు మనింట్లో టీకి పాలు బుల్లమ్మక్క దగ్గరే కొంటున్నాం. నేర్పిన గురువు కదా, కొసరు పోస్తుందనుకున్నాను. ఒక్క చుక్క పొయ్యదు, పిసినారిది. నిన్న పాలు కొలుస్తూ నా చేతి మీద చెయ్యి వేసి, కొత్త కోడలప్పుడు వేసినట్టే, అలాగే ఉంచింది. పాలు కింద ఒలికాయి. ఇద్దరం పట్టించుకోలేదు.

వచ్చేటప్పుడు చేతులు కడుక్కునే మంచి సబ్బులు తీసుకురా.

నీ మొండి వదిన,
సత్యవతి